అద్దం కింద రెండు ముక్కలు

పోకర్ బల్లను పైనుంచి చూస్తే కనబడేది చాలా తక్కువ. పచ్చబట్ట పరిచిన బల్ల, చిప్స్ దొంతరలు, ఒక్కొక్కరి ముందు బోర్లించిన రెండేసి ముక్కలు, నడుమ డీలరు విడతలుగా తెరిచే ఐదు ముక్కలు. ఆడేవాళ్లలో చాలామంది నోరు విప్పరు. ఒకతను చిప్స్ ముందుకు తోస్తాడు. ఎదుటివాడు చాలాసేపు ఆలోచించి, చివరికి తన రెండు ముక్కలనూ డీలరు వైపు నెట్టేస్తాడు. ఆ పందెం అక్కడితో సరి. గెలిచినవాడు తన ముక్కలు చూపించాల్సిన పని లేదు. ఓడినవాడు దేనికి భయపడి వదులుకున్నాడో, ఆ భయంలో నిజమెంతో అతనికే ఎప్పటికీ తెలియకపోవచ్చు.

ఆడేవాడికి గుండె దడంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. చూసేవాడికి మాత్రం అందులో అందేది ఏమీ లేదు. లాస్ వేగస్‌లో బినియన్స్ హార్స్‌షూ క్యాసినో యజమాని బెన్నీ బినియన్ 1970లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మొదలుపెట్టాడు. ఆ దశాబ్దంలోనే టీవీ కెమెరాలు కూడా అక్కడికి చేరాయి. అయినా చాలా ఏళ్లపాటు తెర మీద పోకర్ అంటే నలుగురు మనుషులు ఒక బల్ల చుట్టూ ఊరికే కూర్చుని ఉండటమే. ఎవరి దగ్గర ఏముందో వ్యాఖ్యాతకే తెలియదు. అతనూ మనలాగే ఊహించి చెప్పేవాడు.

అదే వేగస్ క్యాసినోల్లో ఇంకోపక్క స్పోర్ట్స్ పందేల హాలు ఉంటుంది. గోడ నిండా తెరలు. వాటిమీద ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, గుర్రప్పందేలు. అక్కడ పందెం కాసినవాడు, కాయనివాడు, పందెం రాసుకున్న గుమస్తా అందరూ ఒకే బంతిని చూస్తుంటారు. బంతి ఎటు పోయిందో అందరికీ ఒక్క క్షణంలోనే తెలుస్తుంది గనక హాలంతా ఒక్కసారే అరుస్తుంది. పోకర్ బల్ల దగ్గర అలాంటి అరుపు పుట్టే వీలే లేదు. అసలు ఆట జరిగేది ఎవరికీ కనబడని చోట.

ఆ చోటును తెరిచి చూపిన ఒక చిన్న పరికరం గురించి, దాన్ని చేసిన మనిషి గురించి, దాని పనితనం సంపూర్ణంగా కనబడిన ఒకే ఒక్క పందెం గురించి ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను. పందెం ఆటల ఉద్వేగాన్ని తెరకెక్కించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని సాధించింది మాత్రం నాకు ఇంకొకటి కనబడలేదు.

ఆ మనిషి హెన్రీ ఒరెన్‌స్టీన్. వృత్తి పోకర్ కాదు, టీవీ కాదు. పిల్లల బొమ్మలు తయారు చేయించేవాడు. 1923లో పోలండ్‌లోని హ్రుబియెషూఫ్ అనే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తల్లిదండ్రులను నాజీలు చంపేశారు. తాను ఐదు నిర్బంధ శిబిరాల్లోంచి బతికి బయటపడ్డాడు. వాటిలో ఒకచోట, ఖైదీల్లో శాస్త్రవేత్తలు, గణితవేత్తలు ఎవరైనా ఉంటే పేర్లు ఇవ్వాలని ప్రకటన వచ్చింది. ఒరెన్‌స్టీన్ చదువు హైస్కూలుతో ఆగిపోయింది. అయినా తన పేరూ, తనతో ఉన్న తోబుట్టువుల పేర్లూ రాయించేశాడు. ఆ పేర్లు అడిగింది బతకనివ్వడానికో చంపడానికో అప్పటికి ఎవరికీ తెలియదు. ఈ సంగతులన్నీ ‘ఐ షల్ లివ్’ అనే ఆత్మకథలో ఆయనే రాశాడు. దీన్ని పేకాటతో పోల్చడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఒడ్డినవి ప్రాణాలు. కానీ ఎదుటివాడి చేతిలో ఏముందో తెలియకుండా నిర్ణయం తీసుకోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలిసి ఉండదని మాత్రం అనిపిస్తుంది.

1947లో అమెరికా చేరాడు. బొమ్మల వ్యాపారంలోకి దిగి పెద్ద కంపెనీ నడిపాడు. దాన్ని పోగొట్టుకున్నాక కూడా కొత్త బొమ్మలు ఆలోచిస్తూనే ఉన్నాడు. కారుగా ఉండి విప్పితే మరమనిషిగా మారే జపాను బొమ్మలు ఆయన కంటపడితే, వాటిని అమెరికాలో అమ్మమని హాస్‌బ్రో కంపెనీని ఒప్పించాడు. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో వచ్చినవి అవే. మన పిల్లలూ వాటితో ఆడుకున్నారు. ఆయన పేరిట వందకు పైగా పేటెంట్లు ఉన్నాయి. పోకర్ కూడా గట్టిగానే ఆడేవాడు. 1996లో వరల్డ్ సిరీస్‌లో సెవెన్ కార్డ్ స్టడ్ పోటీ గెలిచాడు. కానీ ఆ ఆటకు ఆయన ఇచ్చిన అసలు కానుక అంతకు ఏడాది ముందే, 1995లో, పేటెంటుగా నమోదైంది.

ఆలోచన ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు: ఆటగాడి ముక్కలు ఎదుటివాళ్లకు తెలియకుండా, ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి మాత్రం చూపించాలి. ఇంత సాదా ఆలోచన అన్నేళ్లు ఎవరికీ ఎందుకు రాలేదన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపించే ప్రశ్న. పోకర్ ఆడేవాళ్లకు ముక్క దాచడం ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. టీవీ వాళ్లకేమో ఆటగాళ్ల నియమాల్లో వేలు పెట్టడం తమ పని కాదనే సంకోచం. బొమ్మలు చేసేవాడు మాత్రం ఏ వస్తువునైనా దాన్ని పట్టుకునే చెయ్యి వైపునుంచి చూస్తాడు. ఈ పిల్లవాడు దీన్ని ఎలా పట్టుకుంటాడు, ఎటు తిప్పుతాడు, ఎక్కడ విసుగుపడి పక్కన పడేస్తాడు అని. ఒరెన్‌స్టీన్ టీవీలో పోకర్ చూస్తూ, ప్రేక్షకుడు దీన్ని పక్కన పడేసేది ఎక్కడో కనిపెట్టాడు.

పేకాటగాడు తన ముక్కల్ని చూసుకునే పద్ధతిని గమనించండి. చేతిలోకి ఎత్తి పట్టుకోడు. బల్లమీద బోర్లించి ఉంచి, ఒక అరచేయి అడ్డంపెట్టి, రెండో చేతి బొటనవేలితో మూల కొంచెం లేపి చూస్తాడు. ఎదుటివాడి నుంచి కాపలా, పక్కవాళ్ల నుంచి కాపలా, భుజం మీదుగా తొంగిచూసేవాడి నుంచి కాపలా. కాపలా లేని దిక్కు ఒక్కటే ఉంది: కింద. అక్కడ చూసే కన్ను ఎప్పుడూ లేదు గనక ఆ దిక్కును ఎవరూ పట్టించుకోలేదు. కెమెరాను అక్కడ పెట్టారు. బల్లలో ప్రతి ఆటగాడి ముందు ఒక చిన్న అద్దం పలక, దాని కింద కెమెరా. ఆటగాడు ముక్కల్ని ఆ అద్దం మీద పెడితే చాలు. తర్వాతి రోజుల్లో కెమెరా ఇంకా చిన్నదై బల్ల అంచుకు ఉండే మెత్తలోకి వెళ్లిపోయింది. మూల లేపి చూసుకునే ఆ ఒక్క క్షణంలో ముక్క దానికి చిక్కుతుంది. ఆటగాడి చెయ్యి ఎప్పుడూ చేసే పనినే చేస్తుంది. పాత అలవాటు దేన్నీ చెడగొట్టకుండా వచ్చి చేరిన పరికరం అది, దాని గొప్పతనంలో సగం ఇదే.

మన పెళ్లి విడిదిళ్లలో రమ్మీ సాగుతుంటే వెనక నిలబడి చూసే బంధువులు కొందరుంటారు. ఒకరి భుజం వెనక చేరి ఆ పదమూడు ముక్కలూ చూస్తారు, ఏది పారేస్తాడోనని లోలోపల కొట్టుకుంటారు, నోరు మాత్రం మెదపకూడదు. ఒక చేతి వెనక నిలబడ్డ మనిషికే అంత ఆరాటం ఉంటుంది. ఒరెన్‌స్టీన్ కెమెరా ప్రేక్షకుణ్ని ఒకేసారి అందరి భుజాల వెనకా నిలబెట్టింది.

ఆ కెమెరా పని చూపించింది మొదట అమెరికాలో కాదు. 1999లో బ్రిటన్‌లో చానెల్ 4 ‘లేట్ నైట్ పోకర్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అర్ధరాత్రి దాటాక వచ్చే ఆ కార్యక్రమంలో అద్దాల బల్ల, కింద కెమెరాలు. డేవ్ ఉలియట్ లాంటి ఆటగాళ్ల పేర్లు ఆ దెబ్బతో ఇంటింటికీ తెలిశాయి. అమెరికాలో 2003లో ట్రావెల్ చానెల్‌లో వరల్డ్ పోకర్ టూర్ ఆ పద్ధతితోనే వచ్చింది. అదే ఏడాది వేసవిలో ఈఎస్‌పీఎన్ వరల్డ్ సిరీస్‌ను ప్రసారం చేసింది. వృత్తి ఆటగాళ్లలో కొందరు మొదట్లో వెనకాడారంటే తప్పుపట్టలేం. తాను ఎప్పుడు ఉత్త చేతితో బెదిరించాడో ఎదుటివాడికి తెలియకుండా ఉంచుకోవడమే వాళ్ల జీవనాధారం. ప్రసారమైపోయాక అది అందరి సొత్తు.

ఇక ఆ పందెం.

2003 మే. బినియన్స్ హార్స్‌షూలో ప్రధాన పోటీ. ఒక్కొక్కరు 10,000 డాలర్లు కట్టి 839 మంది దిగారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు సామీ ఫర్హా. లెబనాన్‌లో పుట్టి హ్యూస్టన్‌లో స్థిరపడిన వృత్తి ఆటగాడు, వెలిగించని సిగరెట్టు పెదాల మధ్య పెట్టుకుని చలాకీగా మాట్లాడుతూ ఆడేవాడు. రెండోవాడు క్రిస్ మనీమేకర్. టెన్నెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్, ఇంటర్నెట్‌లో 86 డాలర్ల పోటీతో మొదలుపెట్టి ఇక్కడిదాకా చేరుకున్నాడు. టోపీ, నల్ల కళ్లద్దాలు, కదలని ముఖం. మనీమేకర్ అన్నది అతని అసలు పేరే.

ఆట టెక్సస్ హోల్డెమ్. చేతిలో రెండు, నడుమ ఐదు; ఆ ఏడింటిలో మేలైన ఐదు ఎవరివైతే వాళ్లు గెలుస్తారు. నడుమ ముక్కలు మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటిగా తెరుస్తారు. ప్రతి దశలోనూ పందెం పెంచవచ్చు, ఊరుకోవచ్చు, వదిలేయవచ్చు.

మనీమేకర్‌కు ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు వచ్చాయి. ఫర్హాకు ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. తెర మూలన ఈ నాలుగు ముక్కలూ మనకు కనబడతాయి. మనీమేకర్ పందేన్ని లక్షకు పెంచాడు, ఫర్హా సరేనన్నాడు. నడుమ మూడు ముక్కలు తెరుచుకున్నాయి: ఇస్పేటు తొమ్మిది, డైమండు రెండు, ఇస్పేటు ఆరు. ఫర్హాకు తొమ్మిదుల జత పడింది. నడుమ ఉన్నవాటిలో పెద్ద ముక్కతో పడిన జత అది. అయినా ఇద్దరూ ‘చెక్’ అని ఊరుకున్నారు.

నాలుగో ముక్క ఇస్పేటు ఎనిమిది. పందెం రాజుకున్నది ఇక్కడే. నడుమ ఇప్పుడు మూడు ఇస్పేట్లు. చేతిలో రెండు ఇస్పేట్లున్నవాడికి ఐదూ ఒకే గుర్తువై ఫ్లష్ అయినట్టే. ఫర్హా 3 లక్షలు పెట్టాడు. మనీమేకర్ దాన్ని 8 లక్షలు చేశాడు. ఫర్హా కాల్ చేశాడు, అంటే అతనూ అంత పెట్టి ఆటలో నిలిచాడు. నడుమ పోగైనవి 18 లక్షల చిప్స్.

ఆ క్షణంలో మనీమేకర్ చేతిలో నిజానికి ఏముందో లెక్క వేద్దాం. జత లేదు. కానీ ఇంకో ఇస్పేటు పడితే రాజుతో ఫ్లష్. ఐదో, పదో పడితే వరసగా ఐదు ముక్కలు. రాజు పడితే రాజుల జత, అదీ తొమ్మిదులను ఓడిస్తుంది. మనకు కనబడుతున్న ఎనిమిది ముక్కలు తీసేస్తే పేకలో మిగిలినవి 44. వాటిలో అతణ్ని గెలిపించేవి: 8 ఇస్పేట్లు, ఇస్పేటు కాని ఐదులు, పదులు కలిపి 6, రాజులు 3. మొత్తం 17. మిగతా 27 ఫర్హావి. అంటే అతను వెనకబడి ఉన్నాడు గానీ, పెంచడం ఉత్త దుస్సాహసం కాదు. ఎదుటివాడు భయపడి వదిలేస్తే ఇప్పుడే గెలుపు. వదలకపోతే నూటికి 39 పాళ్ల ఆశ ఇంకా ఉంది. రెండు దారులు తెరిచి ఉంచిన పందెం అది. కసరత్తు లేనివాడు పెట్టేది కాదు.

ఐదో ముక్క ఆఠీను మూడు. ఎవరికీ ఏమీ ఒరగలేదు. మనీమేకర్ చేతిలో ఒంటరి రాజు తప్ప ఇంకేం లేదు. ఫర్హా ‘చెక్’ అన్నాడు. మనీమేకర్ తన దగ్గరున్నదంతా ముందుకు తోశాడు. ఆల్ ఇన్.

ఇక్కడినుంచి జరిగేదంతా ఎవరూ ముక్క ముట్టుకోకుండానే జరుగుతుంది. ఫర్హా మాట్లాడటం మొదలుపెట్టాడు. నీ ఫ్లష్ తప్పిపోయింది కదూ అన్నాడు. అది అక్షరాలా నిజం; బల్ల దగ్గర కూర్చున్న మనిషి తన లెక్కతో, తన ఇన్నేళ్ల చూపుతో నిజాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. పిచ్చిగా కాల్ చేసేయగలను సుమా అని కూడా అన్నాడు. మనీమేకర్ కదలడు, పలకడు. మనకు తెలుసు, ఫర్హా చెప్పిందే నిజమని. కాల్ అనే ఒక్క మాట అంటే ఆ 18 లక్షలూ, ఆపైన తోసినవీ అతనివని. ఫర్హా తన రెండు ముక్కలూ తీసి పడేశాడు.

ఈఎస్‌పీఎన్ వ్యాఖ్యాత నార్మన్ చాడ్ దీన్ని శతాబ్దపు బ్లఫ్, అంటే ఉత్త చేతితో చేసిన బెదిరింపు, అన్నాడు, శతాబ్దం ఇంకా మొదట్లోనే ఉందని ఒప్పుకుంటూనే. పేరు నిలిచిపోయింది. కానీ ఈ దృశ్యం గొప్పతనాన్ని మనీమేకర్ తెగువలో మాత్రమే చూసేవాళ్లతో నేను ఏకీభవించను. అందులో పనితనం మూడు చోట్ల ఉంది.

ఒకటి, మనీమేకర్ చెప్పిన కథలో. పోకర్‌లో ప్రతి పందెం ఒక వాక్యం లాంటిది అంటారు ఆటగాళ్లు. మూడో ఇస్పేటు పడ్డప్పుడే పెంచడం, ఆఖరున అంతా తోసేయడం: ఈ రెంటినీ కలిపి చదివితే నాకు నాలుగో ముక్కకే ఫ్లష్ అయిపోయింది అనే అర్థం వస్తుంది, ఎక్కడా అతుకు కనబడదు. పైగా ఇస్పేటు రాజు తన చేతిలోనే ఉంది గనక ఫర్హా దగ్గర అంతకన్నా పెద్ద ఇస్పేటు ఉండాలంటే అది ఆసే కావాలని అతనికి తెలుసు.

రెండోది ఫర్హా ఆలోచనలో. అతని దగ్గరున్నది ఒక జత. ఎదుటివాడు కథ నిజం చెబుతుంటే అది ఎందుకూ పనికిరాదు: ఫ్లష్ ఓడిస్తుంది, వరస ఓడిస్తుంది, రెండు జతలు ఓడిస్తాయి. బ్లఫ్ అయితేనే అది గెలుస్తుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఒక కొత్తవాడు ప్రపంచ పోటీ ఫైనల్లో ఉత్త చేతితో ఉన్నదంతా ఒడ్డుతాడా? తన చేతిలో ఇస్పేటు రాణి ఉంది, కాబట్టి ఎదుటివాడికి రెండు ఇస్పేట్లు ఉండే అవకాశం కాస్త తగ్గుతుంది. అది ఒక పక్క లాగుతుంది. ఇన్నాళ్ల ఆట ఒక్క జత మీద పోతుందేమోనన్న జంకు ఇంకోపక్క లాగుతుంది. ఎటు తేల్చినా దానికో కారణం ఉంది.

మూడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఆ తెర మూల. సినిమావాళ్లు ఇదే ఘట్టాన్ని ఎలా తీసేవాళ్లో గుర్తు చేసుకోండి. నార్మన్ జూవిసన్ 1965లో తీసిన ‘ద సిన్సినాటీ కిడ్’లో ఆఖరి పందెమంతా ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ బోర్లించి ఉంచిన ఒక్క ముక్క మీద నడుస్తుంది. అది డైమండు జాకీ అని చిట్టచివర తెరుస్తారు. రహస్యాన్ని దాచి, దాచి, చివర్న పగలగొట్టడం: ఉత్కంఠకు అందరికీ తెలిసిన దారి. ఒరెన్‌స్టీన్ దాన్ని తలకిందులు చేశాడు. రహస్యం మొదటే చెప్పేశాడు. అయినా ఉత్కంఠ తగ్గలేదు సరికదా, ఇంకో రకంగా పెరిగింది. ముక్క ఏమిటన్న ప్రశ్న పోయింది. ఈ మనిషి ఏం చేస్తాడన్న ప్రశ్న మిగిలింది. ముక్క తెరుచుకోవడం ఒక్క క్షణం. మనిషి తేల్చుకోలేకపోవడం ఎంతసేపైనా సాగుతుంది, దాన్ని ముఖం మీద చూడవచ్చు. అర నిమిషం పాటు ఏమీ జరగని దృశ్యాన్ని రెప్పవేయకుండా చూసేలా చేయడం ఏ కథకుడికైనా కష్టమైన పని. ఒక అద్దం పలకా, ఒక చిన్న కెమెరా ఆ పని చేసిపెట్టాయి.

ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. ఆఖరి పందెంలో ఫర్హాకు జాకీ, పది. మనీమేకర్‌కు ఐదు, నాలుగు. నడుమ జాకీ, ఐదు, నాలుగు పడ్డాయి. ఫర్హాకు పెద్ద జత, మనీమేకర్‌కు రెండు జతలు. ఇద్దరూ అంతా ఒడ్డారు. చివరి ముక్క కూడా ఐదే కావడంతో మనీమేకర్‌కు మూడు ఐదులు, రెండు నాలుగులతో ఫుల్ హౌస్. 25 లక్షల డాలర్లు మనీమేకర్‌కు, 13 లక్షలు ఫర్హాకు.

అంతకు ముందు ఫిల్ ఐవీ అనే ఆటగాణ్ని అతను పదో స్థానంలో ఇంటికి పంపిన పందెం గురించి కూడా ఒక్క మాట చెప్పాలి, లేకపోతే పనితనాన్ని పొగడటంలో అదృష్టాన్ని మరుగుపరిచినట్టవుతుంది. మనీమేకర్ దగ్గర ఆసు, రాణి. ఐవీ దగ్గర తొమ్మిదుల జత. నడుమ రెండు రాణులు పడి మనీమేకర్ ముందుకెళ్లాడు. నాలుగో ముక్క తొమ్మిది; ఐవీకి ఫుల్ హౌస్. ఆఖరి ముక్క ఆసు; మనీమేకర్‌కు అంతకన్నా పెద్ద ఫుల్ హౌస్. అప్పటికే ఎక్కువ చిప్స్ నడుమ చేరిపోయాయి. ఐవీ చేసిన తప్పంటూ ఏమీ లేదు. కెమెరా దాన్ని కూడా దాపరికం లేకుండా చూపించింది. నైపుణ్యం ఎక్కడ ముగిసి ముక్క ఎక్కడ మొదలవుతుందో మాటలతో ఎంత చెప్పినా రాని తెలివి, ఆ రెండు పందేలూ ఒకదాని వెంట ఒకటి చూస్తే వచ్చేస్తుంది.

కెమెరా చూపించనిది మాత్రం చాలా ఉంది. రోజుల తరబడి సాగిన ఆటలోంచి తెరకెక్కినవి కొన్నే పందేలు. మిగిలినవాటిలో చాలావరకు ముక్కలు చూసుకోవడం, పడేయడం, మళ్లీ చూసుకోవడం, మళ్లీ పడేయడం. మంచి ఆటగాడు వచ్చిన చేతుల్లో ఎక్కువ భాగం వదిలేస్తాడు. ఆ ఓర్పే అతని వృత్తిలో పెద్ద భాగం. ఎడిటింగ్ బల్ల మీద ముందు కత్తిరించేది దాన్నే. గంట కార్యక్రమం చూసినవాడికి ప్రతి నిమిషం గుండె ఎగిరే ఆటగా కనబడుతుంది. 839 మంది కట్టిన డబ్బే ఆ బహుమతులన్నీ అన్న సంగతి కూడా గెలుపు వెలుగులో మసకబారుతుంది. ఆ ఏడాది 839 మంది ఆడిన పోటీకి మరుసటి ఏడు 2,576 మంది వచ్చారు. 2005లో 5,619. 2006లో 8,773. ఇంట్లో కూర్చుని ఫర్హా చేతినీ మనీమేకర్ చేతినీ ఒకేసారి చూసినవాడికి తానైతే తప్పకుండా కాల్ చేసేవాణ్నని అనిపిస్తుంది. ఆ నమ్మకంతో బల్ల ముందు కూర్చున్నప్పుడు ఎదుటివాడి ముక్కలు తెర మూలన ఉండవు. ఈ పరికరాన్ని ఇంతగా మెచ్చుకుంటూ కూడా ఈ ఒక్క విషయంలో దానికి మినహాయింపు ఇవ్వలేను. అది నేర్పే జ్ఞానం చూసేవాడికే గానీ ఆడేవాడికి అక్కరకు రాదు.

మన దగ్గర ఈ నైపుణ్యం, అదృష్టం తగవు పాతదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టుకు వెళితే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో కోర్టు రమ్మీని మూడుముక్కలాటతో కలపలేదు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం ప్రధానంగా నేర్పు అన్నది. డబ్బు ఒడ్డి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం చేసింది. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన కుటుంబాలను చూసిన ఊళ్లలో ఆ చట్టాలెందుకు వచ్చాయో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఒక ఆటలోని పనితనాన్ని తెలుసుకోవడానికి దానిమీద డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు, ఒరెన్‌స్టీన్ కెమెరా వచ్చాక మరీను.

ఆ కెమెరా రోజులు కూడా ఇప్పుడు చాలాచోట్ల పోయాయి. ముక్కలోనే సన్నని ఆర్‌ఎఫ్‌ఐడి చిప్ ఉంటుంది, బట్ట కింద ఉన్న యాంటెన్నా దాన్ని చదివేస్తుంది. ఆటగాడు ముక్క లేపకపోయినా అది ఏమిటో తెర మీద పడుతుంది. ఆట జరుగుతున్నప్పుడే ఆ సమాచారం బయటికి పొక్కితే మోసమే గనక ప్రసారాన్ని కొంత ఆలస్యంగా వదులుతారు. పని వేగంగా, తప్పుల్లేకుండా సాగుతోంది. కానీ ముక్క మూల లేవడం, దానికింద చీకట్లో గుర్తు మెరవడం, దాన్ని మనమూ ఆటగాడూ ఒకేసారి చూడటం, అవి పోయాయి. ఇప్పుడు తెర మీద కనబడేది ముక్క బొమ్మ. అప్పుడు కనబడింది అతని బొటనవేలి కింద ఉన్న ముక్కే. పాత పద్ధతిలో ప్రేక్షకుడికి సమాచారంతో పాటు సాన్నిహిత్యం కూడా దక్కేది. ఈ మార్పులో మనం పోగొట్టుకున్నది చిన్నదని నేను అనుకోను.

ఒరెన్‌స్టీన్‌ను 2008లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2021 డిసెంబరులో, 98 ఏళ్ల వయసులో చనిపోయాడు.

మనీమేకర్, ఫర్హాల ఆ పందెం ఇప్పుడు ఎవరైనా వెతికి చూడవచ్చు. చూసేటప్పుడు రెండుసార్లు చూడమని నా మనవి. మొదటిసారి మామూలుగా, తెర మూలన ముక్కలతో. రెండోసారి ఆ ముక్కల్ని అరచేత్తో కప్పేసి, మీరు చూసినవి మరిచిపోవడానికి ప్రయత్నిస్తూ, ఫర్హాకు తెలిసినంత మాత్రమే తెలుసుకుని చూడండి. నడుమ మూడు ఇస్పేట్లు, ఎదుట కదలని నల్ల కళ్లద్దాలు, చేతిలో తొమ్మిదుల జత. మొదటిసారి చేతకానితనంలా కనబడ్డ ఆ వదిలేయడం ఈసారి అలా కనబడదు. ఆ పరిస్థితిలో ఎంతోమంది మంచి ఆటగాళ్లు కూడా అదే పని చేసి ఉండేవాళ్లు.